మూతపడని నోరు

ఆ మధ్యాహ్నం నలుసు చేసిన పనల్లా ఆవలించడమే. ఎవరికో రెండూ ఎడమకాలి చెప్పులే వచ్చాయట. ఆ మనిషికి క్షమాపణ టైపు చేస్తూ, భోంచేసిన మత్తులో ఒక్క ఆవలింత తీసింది. రెండు చెవుల ముందూ ఏదో పక్కకు దొర్లినట్టు టక్కుమంది. తెరుచుకున్న నోరు తెరుచుకున్నట్టే ఉండిపోయింది.

మొదట ఆమె కంగారుపడలేదు. దవడ జారడం ఆమెకు కొత్త కాదు. ఏడాదిగా అప్పుడప్పుడూ ఒక పక్క జారుతూనే ఉంది. గడ్డం కింద చెయ్యి పెట్టి కాస్త అటూ ఇటూ ఆడిస్తే లోపలికి వెళ్లిపోయేది. ఆ సంగతి తల్లికి చెప్పలేదు. చెబితే ఉన్న కట్టడి చాలదన్నట్టు ఇంకొకటి వచ్చిపడుతుందని భయం. ఇప్పుడూ అలాగే ఆడించింది. కదల్లేదు. రెండు అరచేతులతో గడ్డాన్ని పైకి ఎత్తింది. చెవుల దగ్గర నుంచి కణతల దాకా నొప్పి పాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంగిలి గడ్డం మీదుగా కారి కీబోర్డు మీద పడుతోంది. మింగుదామంటే నోరు మూస్తే కదా మింగడానికి.

తెరమీద చెప్పుల మనిషి అడుగుతున్నాడు, "ఉన్నారా?" అని.

ఉంది. ఎక్కడికి పోతుంది? తలుపుకు బయట తాళం వేసి ఉంది.

ఆ తాళం తల్లి వేసింది. ఆమె ఒక పెద్ద హోటలుకు దుప్పట్లూ, తువ్వాళ్లూ ఉతికే లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దున్నే వెళ్తే మళ్లీ దీపాలు పెట్టే వేళకు వస్తుంది. వాళ్లుండేది మూడో అంతస్తులో, రెండు చిన్న గదుల ఇల్లు. ఆ మేడకు లిఫ్టు లేదు. నిరుడు నలుసు ఒక్కతే మెట్లు దిగబోయి, మోకాలు మడతపడి, మలుపు దాకా దొర్లి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి తల్లి పనికి వెళ్తూ బయట తాళం పెట్టడం మొదలుపెట్టింది. కట్టు విప్పేదాకానే అంది. నలుసూ సరేనంది. కట్టు విప్పేశారు. తాళం మాత్రం ఉండిపోయింది. ఒకటి రెండుసార్లు అడిగితే, "నువ్వు లోపల ఉన్నావని తెలిస్తేనే నాకు అక్కడ చెయ్యాడుతుంది," అంది తల్లి. ఇరవై రెండేళ్ల పిల్ల ఇక అడగడం మానేసింది.

ఆమె అసలు పేరు వేరే. పుట్టినప్పుడు చేతిలో పెట్టిన పిల్లను చూసి తండ్రి, "ఇంత నలుసు మనదేనా!" అన్నాడట. ఆ మాటే పేరై కూర్చుంది. పాలు పీల్చే శక్తి కూడా లేని పిల్ల. దూదితో చుక్కచుక్కా పట్టించి బతికించుకున్నారు. నడక ఆలస్యమైంది. మాట కూడా ఆలస్యమైంది. నోరు మాత్రం ఎప్పుడూ కొంచెం తెరుచుకునే ఉండేది.

"నోరు ముయ్యి" అనే మాటను మిగతా పిల్లలు అల్లరి చేసినప్పుడు విన్నారు. నలుసు ఊరికే కూర్చున్నప్పుడు వింది. బడిలో గ్రూపు ఫొటో తీసేవాడు అన్నాడు, పంతులమ్మ అంది, బంధువుల ఇళ్లలో పెద్దవాళ్లు అన్నారు. తల్లి అయితే గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి మూసేది. వేళ్లు తీయగానే దవడ మళ్లీ మెల్లగా కిందికి దిగేది. పెరిగేకొద్దీ ముఖం వెడల్పు కాకుండా పొడుగ్గా సాగింది. అంగిలి గోపురంలా పైకి లేచింది. ముందుపళ్లు పైవి పైనా కిందివి కిందా, మధ్యలో వేలు పట్టేంత సందు. చిట్టచివరి దవడపళ్లు మాత్రం ఒకదాన్నొకటి తాకేవి. రొట్టెముక్క కొరకడం ఆమెకు రాదు. వేళ్లతో తుంచి, వెనక్కి నెట్టి, అక్కడ నలుపుకుని మింగాలి. ఆమె భోంచేసి లేచేసరికి తక్కిన వాళ్ల చేతులు ఎండిపోయేవి.

పన్నెండేళ్లప్పుడు పళ్ల డాక్టరు తీగలు వేశాడు. పళ్లు దగ్గరికి వచ్చాయి, తీగలు తీశాక మళ్లీ వాటి దారిన అవి పోయాయి. ఆయన చాలాసేపు చూసి, ఇది పళ్ల జబ్బు కాదు, నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి అన్నాడు. అక్కడ నలుసు బొటనవేలి మొదట్లో చిన్న సుత్తితో కొడితే వేలు బిగుసుకుని వెంటనే విడలేదు. దానిపేరు మయోటోనిక్ డిస్ట్రఫీ అన్నారు. కండరాలు మెల్లమెల్లగా సన్నగిల్లిపోతాయి. ఉన్న కండరం కూడా ఒకసారి బిగుసుకుంటే వదలడానికి సమయం తీసుకుంటుంది. తల్లిలోనో తండ్రిలోనో ఉంటేనే పిల్లలకు వస్తుంది, ఇద్దరూ పరీక్ష చేయించుకోండని చెప్పారు. తల్లి నోటివెంట మొదట వచ్చిన మాట, తన మొగుడి అక్క కాళ్లు ఈడుస్తూ నడిచేదని. ఇక పరీక్షల ఊసు ఎవరూ ఎత్తలేదు. తండ్రి లారీ నడిపేవాడు. ఆ రోజు నుంచి ఆయన కూతురి ముఖంలోకి సూటిగా చూడటం తగ్గించాడు. రెండేళ్ల తర్వాత కామెర్లు ముదిరి పోయాడు. పోయేముందు ఆసుపత్రి మంచం మీద, "నా రక్తంలోంచి వచ్చిందమ్మా నీకిది. ఏమనుకోకు," అన్నాడు.

ఇప్పుడు నలుసు ఒక చెప్పుల కంపెనీకి ఇంట్లో కూర్చునే పని చేస్తోంది. కొనుక్కున్నవాళ్లు తెరమీద రాసే ఫిర్యాదులకు టైపు చేసి జవాబివ్వాలి. ముఖం చూపించక్కర్లేదు, గొంతు వినిపించక్కర్లేదు. అందుకే ఆ పనిలో చేరింది. తనకు జబ్బుందని కంపెనీలో ఎవరికీ తెలియదు. గుర్తింపు కార్డు కోసం గడ్డం కింద చెయ్యి ఆన్చి ఏదో ఆలోచిస్తున్నట్టు దిగిన ఫొటో పంపింది.

దవడ లోపలికి వెళ్లదని తేలాక ఆమె మొదట తల్లి ఫోనుకు సందేశం పెట్టింది. పెడుతున్నప్పుడే తెలుసు, తల్లి దాన్ని ఇప్పట్లో చూడదని. లాండ్రీలో పనిలోకి దిగేముందు అందరి ఫోన్లూ ఒక డబ్బాలో వేయించుకుంటారు. తర్వాత లాండ్రీ ఆఫీసు నంబరుకు చేసింది. సూపర్‌వైజరు ఎత్తాడు.

అమ్మను పిలవమని చెప్పాలి. ఎంత చిన్న మాట అది! కానీ ఆ మాటకు రెండు పెదవులూ కలవాలి. నోరు తెరిచి ఉంటే "అ" వస్తుంది, "మ్మ" రాదు. మామూలు రోజుల్లోనే ఆమెకు ప, బ, మ సరిగా పలకవు. కింది పెదవిని పైపళ్లకు ఆన్చి ఎలాగో నెట్టుకొచ్చేది. ఇప్పుడు ఆ ఉపాయమూ పనిచేయలేదు.

"అ... అ..." అంది.

"ఎవరు?"

"అ... ఆ..."

అవతల ఎవరో నవ్వినట్టు వినిపించింది. సూపర్‌వైజరు ఫోను పెట్టేశాడు. మళ్లీ చేసింది. ఈసారి అతను, "పనీపాటా లేదా మీకు? నోరు మూసుకుని ఫోను పెట్టెయ్యండి," అన్నాడు.

నలుసు ఫోనును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు వచ్చింది గానీ, నోరు తెరుచుకుని ఉంటే ఏడుపు కూడా సరిగా రాదని ఆమెకు అప్పుడు తెలిసింది. గొంతులోంచి ఏదో గరగర మాత్రం వచ్చింది. ఎంగిలి వెనక్కి జారి పొలమారింది. దగ్గితే దవడ ఊడిపోయినంత నొప్పి. తల ముందుకు వంచి, తువ్వాలు ఒళ్లో పరుచుకుని, కారేదాన్ని కారనిచ్చింది. పొలమారుతుందేమోనని నిటారుగా కూర్చోవడానికి భయం, వెనక్కి వాలడానికి భయం. బయట వాన పట్టింది. కిటికీ తీసి ఎవరినైనా పిలుద్దామన్నా, పిలవడానికి నోరేది?

కూరలు కలిపే ఇనుప గరిటె తెచ్చి నేల మీద కొట్టింది. సరిగ్గా కింద ఇంట్లో బ్రెడ్డు పిన్ని ఉంటుంది. బేకరీలో పిండి పిసికే పని ఆమెది. తెల్లవారకముందే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చి, ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంది. నలుసు ఎంత కొట్టినా పైకి ఎవరూ రాలేదు. చేతిలో సత్తువ అయిపోయింది. గరిటె పట్టుకున్న వేళ్లు బిగుసుకుపోతే, రెండో చేత్తో ఒక్కొక్కటీ విప్పుకుంది.

ఆ గది ఆమెకు అంగుళం అంగుళం తెలుసు. మంచం, బల్ల, గోడ గడియారం, సింకు పక్కన వంగిన కుళాయి. ఏడాదిగా ఆ గదిలో ఉంటూ కూడా తాను లోపల పడి ఉన్నానని ఆమె ఎన్నడూ పూర్తిగా అనుకోలేదు. పని ఉంది, ఫోను ఉంది, అమ్మ వస్తుంది. ఇప్పుడు నోటిలోంచి ఒక్క మాట కూడా బయటికి పోయే దారి లేకపోయేసరికి, గోడలు నాలుగూ ఒక్కసారిగా కనిపించాయి.

మిగిలింది టీమ్ లీడరు. ఆయన్ని నలుసు ఎప్పుడూ చూడలేదు. తెరమీద రాతగానే తెలుసు. పని ఆలస్యమైతే ఒక ప్రశ్నార్థకం పంపుతాడు, బాగా చేస్తే ఏమీ పంపడు. అప్పటికే రెండు ప్రశ్నార్థకాలు వచ్చి ఉన్నాయి. తన దవడ జారిందనీ, మాట్లాడలేననీ, ఇంటికి బయట తాళం ఉందనీ, ఫలానా లాండ్రీకి ఫోను చేసి మా అమ్మకు చెప్పమనీ టైపు చేసింది.

కాసేపటికి జవాబు వచ్చింది. "ఇది నిజమేనా? ఎవరైనా మీ అకౌంటులోంచి ఆడుకుంటున్నారా?"

నలుసు ఫోను ముఖానికి ఎదురుగా పెట్టుకుంది. తెరలో ముఖం కనిపించింది. గడ్డం ముందుకు పొడుచుకొచ్చి, చెంపలు గుంటలు పడి, నోరు పెద్ద బిలంలా తెరుచుకుని ఉంది. పెళ్లిళ్లలో ఫొటోలు తీసేవాళ్లను చూసి స్తంభాల వెనక దాక్కున్న పిల్ల అది. పుట్టాక తన ముఖాన్ని ఉన్నదున్నట్టుగా తనంతట తాను ఎవరికీ చూపించలేదు. కళ్లు మూసుకుని ఫొటో తీసి, చూసుకోకుండా పంపేసింది.

ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "చేస్తున్నాను."

* * *

లాండ్రీలో తల్లికి కబురు అందేసరికి ఆమె దుప్పటి అంచు మీద ఇస్త్రీపెట్టె నడుపుతోంది. సూపర్‌వైజరు దగ్గరికొచ్చి, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మీ అమ్మాయికి ఏదో అయిందట అన్నాడు. ఇంతకుముందు వచ్చిన ఫోన్ల సంగతి చెప్పలేదు. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. చెప్పులు మార్చుకోకుండా, గొడుగు తీసుకోకుండా బస్సెక్కింది. కొంగున ఉన్న తాళంచెవి విప్పి పిడికిట్లో పట్టుకుంది. దారిపొడుగునా అలాగే పట్టుకుని కూర్చుంది. వానలో తడిసి చేతులు కొయ్యబారిపోయాయి.

మెట్లమీద అడుగుల చప్పుడు విని నలుసు తలుపు దగ్గరికి వచ్చింది. అవతల తల్లి ఆయాసం వినిపిస్తోంది. తాళం మాత్రం కదలడం లేదు.

"వచ్చేశానమ్మా... వచ్చేశా... తెరుచుకోవట్లేదే... ఇది తెరుచుకోవట్లేదు," అంటోంది తల్లి.

తాళం తుప్పు పట్టిందేమో అనుకుంది నలుసు. తలుపును అరచేత్తో కొట్టింది. ఆ చప్పుడుకో, తల్లి గొంతుకో చివరికి బ్రెడ్డు పిన్ని లేచి పైకి వచ్చింది.

"తాళంచెవి ఏదక్కా?"

"చేతిలో ఉంది."

"మరి పెట్టు."

"చెయ్యి తెరుచుకోవట్లేదు."

తలుపుకు ఇవతల నిలబడ్డ నలుసు ఆ మాట వింది. తల్లి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాక కూడా కాసేపు దాని పిడి మీదే చెయ్యి ఉంచి ఏదో ఆలోచిస్తున్నట్టు నిలబడటం ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. ఏ వస్తువూ చేతికి ఇవ్వకుండా బల్లమీద పెట్టి, తీసుకో అనడం చూసింది. చూసింది, అడగలేదు. ఇప్పుడు అడగాల్సిన పని లేకుండా పోయింది.

బ్రెడ్డు పిన్ని తల్లి పిడికిలిని తన రెండు చేతుల మధ్య పెట్టి రుద్ది, వేళ్లను ఒకదాని తర్వాత ఒకటి లేపింది. నిజానికి అర నిమిషం కూడా పట్టి ఉండదు. నలుసుకు మాత్రం మధ్యాహ్నమంతా ఒక ఎత్తు, ఆ కాసేపూ ఒక ఎత్తు. తలుపు తెరుచుకోగానే తల్లి కూతురి ముఖం చూసి, ఎప్పటి అలవాటు కొద్దీ రెండు వేళ్లు గడ్డం కింద పెట్టబోయింది. నలుసు వెనక్కి జరిగింది.

* * *

ఆసుపత్రిలో దవడల డాక్టరు చిన్న వయసు మనిషి, మాటల్లో తొందర లేదు. ఎక్స్‌రే చూసి, రెండు బొటనవేళ్లకూ గుడ్డ చుట్టుకుని, నలుసు నోట్లో చివరి దవడపళ్ల మీద ఆన్చింది. కిందికి నొక్కి, వెనక్కి తోసింది. ఒక పక్క వెళ్లింది. ఊపిరి తీసుకోనిచ్చి రెండో పక్క కూడా తోసింది. పళ్లు పళ్లకు తాకిన ఆ చప్పుడంత మంచి చప్పుడు తాను ఎన్నడూ వినలేదని నలుసుకు అనిపించింది. మళ్లీ జారకుండా గడ్డం కింద నుంచి నడినెత్తి మీదుగా కట్టు కట్టారు. కొన్నాళ్లు నోరు ఎక్కువ తెరవకూడదు, జావలూ పులుసులే తాగాలి, మాట పళ్ల సందు నుంచే రావాలి.

తర్వాత డాక్టరు ఎక్స్‌రేను వెలుతురు పలక మీద పెట్టి తల్లిని దగ్గరికి పిలిచింది.

"కండరం ఎటు లాగితే ఎముక అటు పెరుగుతుందమ్మా. ఈ అమ్మాయికి దవడను పైకి పట్టి ఉంచే కండరాల్లో పుట్టినప్పటి నుంచీ బలం లేదు. అందుకే అది వేలాడుతూ, కిందికే పెరిగింది. కీలు కూర్చునే గుంట కూడా ఉండాల్సినంత లోతు లేదు. చుట్టూ ఉన్న పట్టు కూడా వదులు. అందుకే జారింది. మళ్లీ జారొచ్చు."

ఆపరేషను చేస్తే బాగవుతుందా అని తల్లి అడిగింది. చేయొచ్చు గానీ, ఈ జబ్బున్నవాళ్లకు మత్తు ఇవ్వడం మామూలు విషయం కాదనీ, ముందు గుండె, ఊపిరితిత్తులు చూడాలనీ, ఎముకను సరిచేసినా పట్టుకోవాల్సిన కండరం పాతదేననీ డాక్టరు ఏదీ దాచకుండా చెప్పింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది.

"వాళ్ల నాన్న వైపు..." అని మొదలుపెట్టింది తల్లి.

తోడు వచ్చిన బ్రెడ్డు పిన్ని తలుపు దగ్గర నుంచి, "తాళంచెవి సంగతి చెప్పక్కా," అంది.

 డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని, తన రెండు వేళ్లు ముందుకు చాపి, గట్టిగా పట్టుకోమంది. తల్లి పట్టుకుంది.

"ఇప్పుడు వదిలెయ్యండి."

"వదిలేశానండీ," అంది తల్లి.

వేళ్లు వదల్లేదు. అందరూ ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు. అది మెల్లగా, బలవంతంగా, ఎవరో లోపల నుంచి విప్పుతున్నట్టు విచ్చుకుంది. తల్లి చెయ్యి కొంగులో దాచుకుంది.

డాక్టరు ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. ఈ జబ్బు తల్లిలో కొద్దిగా ఉండి, బిడ్డలో ముదిరి కనిపించడం మామూలే అంది. చేతులకంటే గుండె గురించే తన భయమనీ, ఈ వారంలోనే ఇద్దరూ గుండె పరీక్ష చేయించుకోవాలనీ చెప్పింది. ఇంకొక్క సంగతి. దవడ జారిన ప్రతిసారీ ఆసుపత్రికి పరుగెత్తడం కుదరదు కాబట్టి, ఇంట్లో ఎవరైనా దాన్ని లోపలికి నెట్టడం నేర్చుకుంటే మేలు.

"నేను నేర్చుకుంటాను," అంది తల్లి వెంటనే.

డాక్టరు తల అడ్డంగా ఊపింది. "దీనికి బొటనవేళ్లలో బలం కావాలమ్మా. వెంటనే తీసెయ్యగలగాలి కూడా. మీ చేతుల్తో కష్టం."

చుక్కచుక్కా పాలు పట్టించిన చేతులవి. ఎత్తుకుని, తినిపించి, జడలల్లి, మెట్లు దింపిన చేతులు. తల్లి వాటివైపు చూసుకుంది. పిండి పిసికి పిసికి మొద్దుబారిన తన బొటనవేళ్లను బ్రెడ్డు పిన్ని ముందుకు చాపి, ఇవి పనికొస్తాయా అంది.

* * *

ఇంటికి వచ్చాక ఆ రెండు గదుల్లో ఒకరి ఎదుట ఒకరు పడకుండా తిరగడం కష్టమైంది. జావ కాచి తల్లి గిన్నె బల్లమీద పెట్టింది. నలుసు తాగలేదు. కట్టు కింద నుంచి, పళ్ల సందులోంచి, ఒక్కొక్క మాటే అడిగింది.

"నీకు ముందే తెలుసా?"

తల్లి జావ గిన్నె మీద మూత పెట్టింది. "తెలీదంటే అబద్ధం. తెలుసంటే అదీ పూర్తిగా నిజం కాదు. చెయ్యి పట్టేస్తోందని తెలుసు. నీది, నాది ఒకటేనని అనుకోవడానికి భయమేసింది. అప్పుడు నీకు పద్నాలుగేళ్లు. ఆ డాక్టర్లు అలా అడగ్గానే నోటికొచ్చింది అనేశాను. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను."

"నాన్న తన వల్లే అనుకుని పోయాడు."

 తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని సింకు వైపు తిరిగింది. నలుసుకు జాలి వేసింది. జాలి పడినందుకు ఒళ్లు మండింది. లేచి విసురుగా వెళ్లిపోదామంటే వెళ్లడానికి పక్కగది తప్ప చోటు లేదు. అక్కడా తల్లి కుట్టిన దిండే ఉంది. కోపం ఎవరి మీదో ఆ తల్లే మళ్లీ రాత్రి మందులు తెచ్చివ్వాలి, స్నానానికి చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఆమె మీద కోపంగా ఉండటానికి కూడా ఆమె సాయమే కావాలి.

"రేపట్నుంచి తాళం వద్దు," అంది నలుసు.

"పడితే?"

"పడతాను."

తల్లి మరునాడు తాళం వేయలేదు. తాళంచెవి బ్రెడ్డు పిన్నికి ఇచ్చేసింది. ఆ పొద్దంతా లాండ్రీలో ఆమెకు కాలు నిలవలేదు. రెండు తువ్వాళ్లు మాడ్చింది.

తాళం తీసేస్తే ఏదో అయిపోతుందని నలుసు ఎంతగానో అనుకుంది. గడ్డం కట్టు విప్పిన వారానికి, ఒక మధ్యాహ్నం తలుపు తెరుచుకుని బయటికి వచ్చింది. ముందు మెట్లు కనిపించాయి. ఏడాదిగా గదిలో కూర్చుని కూర్చుని కాళ్లు ఇంకా సన్నబడ్డాయి. రెయిలింగు పట్టుకుంటే వేళ్లు బిగుసుకుంటాయి, పట్టుకోకపోతే మోకాళ్లు నిలవవు. చివరికి చిన్నపిల్లలా మెట్టు మీద కూర్చుని, జరిగి, కింది మెట్టు మీద కూర్చుని, అలా ఒక్క అంతస్తు దిగింది. బ్రెడ్డు పిన్ని రొట్టె పైచెక్కు ఒలిచి లోపలి మెత్తటి భాగాన్ని పాలల్లో నానబెట్టి పెట్టింది. తిరిగి పైకి ఎక్కడం మాత్రం ఆమె వల్ల కాలేదు. సాయంత్రం తల్లి వచ్చేదాకా అక్కడే కూర్చుని, ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి ఎక్కింది. పైకి చేరాక, తల్లి ఏదో ఒకటి అంటుందేమోనని నలుసు ఎదురుచూసింది. అనకపోవడమే మరింత బరువుగా అనిపించింది.

టీమ్ లీడరు మాత్రం మొదటిరోజే రాశాడు. "ఆ ఫొటో అప్పుడే తీసేశాను. సెలవుకు కారణం ఏమని రాయమంటారు?" నలుసు కాసేపు ఆలోచించి, "ఆవలింత" అని టైపు చేసింది. ఆయన మొట్టమొదటిసారి ఒక నవ్వుముఖం పంపాడు.

దవడ మరోసారి జారింది, తుమ్మినప్పుడు. పిన్ని నిద్రకళ్లతోనే వచ్చి, గుడ్డ చుట్టుకుని, డాక్టరు చూపించినట్టు నొక్కి తోసింది. మొదటి ప్రయత్నంలో కాలేదు. రెండోసారి అయింది. గుమ్మంలో నిలబడిన తల్లి, పరాయి మనిషి చేతులు కూతురి నోట్లో ఉండటం చూడలేక గోడకేసి తిరిగింది.

గుండె పరీక్షలో నలుసుకు ప్రస్తుతానికి భయం లేదన్నారు. తల్లికి ఉందన్నారు. గుండె కొట్టుకోమని చెప్పే సంకేతం దారిలో ఆగి ఆగి వెళ్తోందట. ఆమె చాలాకాలంగా అలసట అనుకుంటున్నది అలసట కాదట. చర్మం కింద చిన్న యంత్రం పెట్టాలి. ఇస్త్రీ పని మానేసి మడతలు పెట్టే పనికి మారింది. అక్కడ కూర్చుని చేయొచ్చు.

యంత్రం పెట్టే రోజు ఇద్దరూ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. చాలామంది ముందున్నారు. పిలుపు రావడానికి ఇంకా సమయం ఉంది. తల్లి చేతికి పేరు రాసిన పట్టీ కట్టారు. ఆమె దాన్ని తిప్పుతూ, ఉన్నట్టుండి అడిగింది.

"ఆ రోజు లోపల నీకెలా అనిపించింది?"

నలుసు చెప్పడం మొదలుపెట్టింది. మాటలు మెల్లగా, మ దగ్గర, ప దగ్గర తడబడుతూ వచ్చాయి. ఇన్నేళ్లుగా అలా తడబడిన చోటల్లా తల్లి అందుకుని, మాట తానే పూర్తిచేసేది. ఈసారి ఆమె పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. సూపర్‌వైజరు ఏమన్నాడో, గరిటె సంగతి, ఫొటో సంగతి నలుసు చెప్పింది. అమ్మ అనే మాట నోట రాలేదని చెప్పింది. తలుపు అవతల తల్లి గొంతు వినిపించినప్పుడు ప్రాణం లేచి వచ్చిందనీ, అదే క్షణంలో ఆ గొంతు వినకుండా ఎక్కడికైనా పోవాలనీ అనిపించిందనీ, రెండూ నిజమేననీ చెప్పింది.

తల్లి వింటూనే ఉంది. నర్సు వచ్చి ఆమె పేరు పిలిచింది. ఆమె లేవలేదు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా," అంది నర్సుతో. "మా అమ్మాయి మాట్లాడుతోంది."